తాతమ్మ మూర

ఫోనులో మ్యాపు తెరిచి వెతికితే మా ఇల్లు కనబడదు. ఎడమ పక్కన ఒక అద్దాల మేడ, కుడి పక్కన ఇంకో అద్దాల మేడ, వాటి మధ్య బూడిద రంగులో చిన్న పలక ఉంటుంది, ఖాళీ జాగా అన్నట్టు. ఆ ఖాళీ జాగాలోనే నేను పుట్టాను. ఆ ఖాళీ జాగాలోనే నా పెళ్లయింది. ఇప్పుడు దాని అరుగు మీద కూర్చునే ఇది రాస్తున్నాను. అరుగు బండ కింద చల్లగా తగులుతోంది కాబట్టి ఇల్లు ఉన్నట్టే లెక్క.

మట్టి గోడలు, గూన పెంకుల కప్పు, టేకు దర్వాజ. ఒకప్పుడు ఇది ఊరు. చుట్టూ జొన్నచేలు, చేల నడుమ ఏనుగులు పడుకున్నట్టు బండరాళ్లు ఉండేవి. బండల్ని పేల్చి మేడలు కట్టారు. చేలకు గేట్లు పెట్టి గేటుకో మనిషిని నిలబెట్టారు. ఊరి పేరు మాత్రం బస్టాపులో మిగిలింది. మియాపూర్ నుంచి వచ్చే బస్సులో కండక్టరు ఆ పేరు పిలిస్తే మెడలో కార్డులు వేసుకున్న పిల్లలంతా దిగి మేడల్లోకి పోతారు. కూరగాయల సంచి పట్టుకుని ఊళ్లోకి వచ్చేది నేనొక్కదాన్నే.

ఈ ఇంట్లో ఎవరికైనా మొదట పరిచయమయ్యేది దర్వాజ. అది పొట్టిది. మా వంశపు ఆడవాళ్లం నిటారుగా నడిచి లోపలికి పోతాం. మగవాళ్లు వంగాలి. వంగడం మర్చిపోతే దర్వాజే గుర్తు చేస్తుంది. మా ఆయన పొడుగు మనిషి. బాలానగర్‌లో లేత్ మిషన్ మీద ఇనుమును వెంట్రుకవాసి తేడా లేకుండా చెక్కుతాడు. కానీ ఇల్లరికం వచ్చిన నాటి నుంచి ఈ నాటి వరకు ఈ దర్వాజ ఎత్తు ఆయన అంచనాకు అందలేదు. నుదుటి మీద ఒక బుడిపె శాశ్వతంగా స్థిరపడిపోయింది. దాన్ని చూసి ఈ చుట్టుపక్కల ఆయన పెద్ద భక్తుడని అనుకునేవాళ్లున్నారు.

ఇంత పొట్టిగా ఎందుకు పెట్టారని వచ్చినవాళ్లంతా అడుగుతారు. అడిగినవాళ్ల మొహం చూసి జవాబు చెప్తాను.

మా ముందు గదిలో కిరాయికి ఉంటున్న అనంతపురం అమ్మాయికి నిజాం కాలపు అమీను కథ చెప్పాను. శిస్తు వసూలుకు వచ్చే అమీను గుర్రం దిగకుండా ఇళ్లల్లోకి వచ్చేవాడని, అతన్ని ఆపడానికే దర్వాజ కిందికి దించారని, ఒకసారి గుర్రం వంగింది గానీ అమీను వంగలేదని. "ఇగో, ఈ గాటు ఆయన పంటిదే" అని చెక్క మీద చూపించాను. ఆ అమ్మాయి సాఫ్ట్‌వేర్ కంపెనీలో తప్పులు పట్టే ఉద్యోగం చేస్తుంది. ఆ గాటును ఫోటో తీసి వాళ్లమ్మకు పంపింది.

తమ్ముడి పిల్లలకు ఇంకోటి చెప్పాను. దర్వాజ మొదట తాటిచెట్టంత ఉండేదని, పక్కన మేడ లేచినప్పుడల్లా మా ఇల్లు వేలెడు భూమిలోకి దిగుతోందని, వాళ్లు పెద్దయ్యేసరికి పెంకుల్లోంచి నిచ్చెన వేసుకుని లోపలికి దిగాలని.

ఇల్లు అమ్ముతారా అని వచ్చిన ఒక బ్రోకరుకైతే ఏనుగును చూపించాను. "మా ముత్తాత ముచ్చటపడి ఏనుగును తెచ్చుకున్నడు సార్. మా తాతమ్మకు పడలే. అది పట్టకుండ దర్వాజ పెట్టిచ్చింది. ఏనుగు అలిగి పొయ్యి చేన్ల పండుకున్నది, మళ్ల లేవలే. గా పెద్ద బండ అదే." ఆయన ఎక్కడ ఎక్కడ అని వెతికాడు. "లేదిప్పుడు. మొన్న మీవోళ్లే పేల్చిన్రు" అన్నాను.

అబద్ధాలు చెప్తానని నన్ను నలుగురూ అంటారు. అననీ. నా అబద్ధాలతో ఎవరి గోడా కూలలేదు. చేతిలో ఫైలు పట్టుకుని నిజాలు మాత్రమే చెప్పే పెద్దమనుషులు వచ్చి వెళ్లాకే ఈ వీధిలో ఇళ్లన్నీ ఒకటొకటిగా కూలాయి.

ఆ పెద్దమనుషుల్లో ఒకాయన ఈ వేసవిలో మా తమ్ముడిని వెంటబెట్టుకుని మా ఇంటికీ వచ్చాడు.

తమ్ముడు బాచుపల్లిలో ఉంటాడు, అక్కడే కాలేజీలో పాఠాలు చెప్తాడు. నాయిన పోయాక ఈ ఇల్లు మా ఇద్దరిదీ అయింది. వచ్చినాయన బిల్డరు తరఫు మనిషి, కోస్తా నుంచి వచ్చినవాడు, మర్యాదస్తుడు. లోపలికి అడుగుపెడుతూ నుదురు కొట్టుకుని, "సారీ అండి" అని దర్వాజకు చెప్పాడు. అందుకు ఆయన మీద నాకు కొంచెం ఇష్టం కలిగింది.

"మీ ఇద్దరి సంతకాలుంటే చాలండి మేడమ్. ఈ జాగాలో మీకు చెరో ఫ్లాట్ వస్తుందండి. పైన స్విమ్మింగ్ పూల్ కూడా ఉంటుందండి."

"నాకు ఈత రాదు."

"నేర్పిస్తారండి."

"మంచిదే. నా అరుగు ఎన్నో అంతస్తుల పెడ్తరు?"

ఆయన ప్లాను కాగితం విప్పి నిజంగానే వెతికాడు. "అరుగు ఉండదండి. లాబీ ఉంటుందండి."

"లాబీల కూసొని, తొవ్వల పోయేటోళ్లను పిలిచి ముచ్చట పెట్టొచ్చునా?"

"సెక్యూరిటీ వాళ్లు ఒప్పుకోరండి."

"మరి నేను ఒప్పుకుంటనని ఎట్ల అనుకున్నరు?"

ఆయన చాయ్ తాగి, తిరిగి వస్తానని చెప్పి, వెళ్తూ మళ్లీ నుదురు కొట్టుకుని వెళ్లాడు. తమ్ముడు మాత్రం కదల్లేదు. నడింట్లో దూలం కింద నిలబడి పైకి చూస్తున్నాడు.

"అక్కా, నువ్వు అందరితోని పరాష్కాలాడినట్టు నాతోని ఆడకు" అన్నాడు. "పడమటి గోడ చూసినవా? పక్కోళ్లు సెల్లారు తవ్వినప్పటి సంది కడుపుతోని ఉన్నట్టు ఉబ్బింది. పోయిన వానకాలం నడింట్ల గిన్నెలు పెట్టుకొని తిరిగినవ్. తడిసి తడిసి ఒకరోజు ఇది నీ మీద పడ్తది. నాకు ఫోనొస్తది. గా ఫోను ఎత్తుడు నాతోని కాదక్కా."

వాడి కళ్లలో ఫ్లాటు లేదు, భయం ఉంది. పోట్లాటకు వస్తే పోట్లాడతాను గానీ, భయంతో వచ్చినవాణ్ని ఏం చేస్తాను?

"గోడకు మీ బావ ఇనుప దన్ను చేస్తనన్నడు" అన్నాను.

"కప్పుకు?"

"కప్పు తిరగేయిస్త."

"ఏటా తిరగేయిస్తనే ఉన్నం. ఏటా కురుస్తనే ఉన్నది."

"ఈసారి కురవది."

వాడు నా మొహంలోకి చూశాడు. "సరే. మిరుగు లోపట కప్పిచ్చు. మొదటి వానకు నడింట్ల ఒక్క సుక్క పడ్డదనుకో, సంతకం పెడ్తవా?"

"పెడ్త. పడకపోతే?"

"మళ్ల ఆ మాట ఎత్తను. ఆ సార్‌ను గూడ రానియ్య."

మాట అయితే ఇచ్చాను. వాడి బండి మలుపు తిరిగాక అరుగు మీద కూలబడ్డాను. ఎందుకంటే వాడు చెప్పింది నిజం. గూన పెంకుల ఇల్లు అంటే ఏటా మృగశిర కార్తెకు ముందు, మేం మిరుగు అంటాం, కప్పు మీదికెక్కి పెంకులన్నీ ఎత్తి, పగిలినవి తీసేసి, మళ్లీ ఒకదాని మీద ఒకటి కుదురుగా పరచాలి. నాయిన బతికున్నన్నాళ్లూ ఆయన ఎక్కాడు. తర్వాత మా ఆయన ఎక్కాడు. ఎవరు ఎక్కినా కాలు పెట్టిన చోటల్లా టక్కుమనేది. సరిచేసినన్ని పెంకులే విరగ్గొట్టి దిగేవాళ్లు. కుమ్మరి మట్టిలో బూడిద కలిపాడని నాయిన వాకిట్లో నిలబడి తిట్టేవాడు. ఈ కప్పుతో నేను పందెం కాశాను.

పందెంలో నేను ఒడ్డింది ఏమిటో చెప్పాలంటే ఆ పొట్టి దర్వాజ అసలు కథ చెప్పాలి. అది నాకు మా నాయినమ్మ చెప్పింది. నా తలను మోకాళ్ల మధ్య ఇరికించుకుని పేలు చూస్తూ చెప్పింది కాబట్టి కదలకుండా విన్నాను. ఆమెకు వాళ్లత్త చెప్పిందట. ఆ అత్తే మా తాతమ్మ, ఈ ఇంటికి పునాది వేయించిన మనిషి.

అప్పట్లో ఇల్లు కట్టాలంటే టేపులు లేవు. ఇంటి యజమాని చేతిని మోచేతి నుంచి నడిమి వేలి కొస దాకా కొలిచి, ఆ పొడవుకు ఒక కర్ర కోసేవారు. అదే ఆ ఇంటి మూర. గోడ పొడవు, దర్వాజ ఎత్తు, అన్నీ ఆ కర్రతోనే కొలవాలి. ఎవరి చేతి కొలతో ఆ ఇల్లు వాళ్లది అని నమ్మకం. ముహూర్తం పెట్టుకున్నారు. వడ్రంగి వచ్చాడు. సరిగ్గా ఆ పొద్దున దొర గడీ నుంచి మనిషి వచ్చి, గడీ ప్రహరీకి రాళ్లు తోలాలి, బండ్లున్నవాళ్లంతా రావాలన్నాడు. వెట్టికి పిలిస్తే రానని చెప్పే రోజులు కావు. ముత్తాత బండి కట్టుకుని వెళ్లిపోయాడు.

"ఇంటాయన లేడు గద, ఎవరి చెయ్యి కొల్వాలె?" అన్నాడు వడ్రంగి.

తాతమ్మ గాజులు పైకి జరుపుకుని చెయ్యి చాపిందట. "ఆయన దొర ఇల్లు కట్టనీకె పోయిండు. ఈ ఇల్లు కట్టేది నేను. కొల్వు."

"ఆడోళ్ల మూర ఎన్నడు కొల్వలేదవ్వా."

"ఇయ్యాల కొల్వు."

కొన్నాళ్లకు ముత్తాత తిరిగొచ్చేసరికి దర్వాజ నిలబెట్టి, గోడలు నడుము ఎత్తు లేపేశారు. ఆయన ఆత్రంగా లోపలికి వస్తూ నుదురు కొట్టుకున్నాడు. ఇంత చిన్నగ పెట్టిచ్చినవేందే అని అడిగితే, "ఇల్లు సక్కగనే ఉన్నది. నువ్వే గడీకి పొయ్యొచ్చి పెద్దగైనవ్" అన్నదట. కొలత సంగతి బయట చెప్పొద్దని, ఊళ్లో తలెత్తుకోలేనని ఆయన బతిమాలాడు. మగవాళ్లెవరికీ చెప్పనని తాతమ్మ మాటిచ్చింది. ఆడవాళ్లకు చెప్పనని అనలేదు.

మగవాళ్లకేమో దర్వాజ మీద లక్ష్మి ఉంటుంది, తల వంచి రావాలి అని చెప్పారు. అలా మా ఇంటి మగవాళ్లు తరతరాలుగా భక్తితో తల కొట్టుకుంటూ వచ్చారు.

నేను ఆడబిడ్డను. పెళ్లయ్యాక పుట్టింటి గడప లోపలే ఉండిపోయినందుకు ఊళ్లో నన్ను అనని మాట లేదు. తమ్ముడి ఇల్లు పట్టుకుని వేలాడుతోందన్నారు. నేనెవరికీ జవాబు చెప్పలేదు. ఈ ఇల్లు ఒక ఆడమనిషి చెయ్యంత పొడవని నాకు తెలుసు. ఆ చెయ్యి మీద నేనుండక ఎవరుంటారు? అందుకే అందరికీ ఏనుగు కథలు చెప్పి, ఇదొక్కటి దాచుకున్నాను.

ఇక పెంకులు పరిచేవాళ్ల కోసం తిరిగాను. కుమ్మరుల ఇంట్లో ఇప్పుడు హార్డ్‌వేర్ షాపు ఉంది. ఒకప్పుడు ఊరి కప్పులన్నీ ఎక్కిన పెద్దమనిషి ఫోనులో, "బిడ్డా, మోకాలు కొత్తది పెట్టిచ్చిన, దాన్ని చూసుకుంట కూసున్న" అన్నాడు. ఇంకొకతను సెంట్రింగ్ పనిలో చేరాడు. పెంకులా, ఇంకా ఉన్నయా అని నన్నే అడిగాడు.

"నేనెక్కుత తియ్యి" అన్నాడు మా ఆయన.

"నువ్వెక్కినంక సంతకం పెట్టుడెందుకు, ఇప్పుడే పెట్టొస్త."

ఆయన బుడిపె తడుముకున్నాడు.

"అయితే నేనే ఎక్కుత" అన్నాను. అన్నాక గానీ ఆ మాట ఎంత పెద్దదో తెలియలేదు. మాలో ఆడవాళ్లు ఇంటి కప్పు ఎక్కరు. ఎక్కితే ఇంటి మగవాళ్లకు కీడంటారు. పిల్లప్పుడు గాలిపటం కోసం ఒక్క కాలు పైన పెట్టినందుకు వీపు పగిలింది నాకు.

ఆదివారం పొద్దున్నే తమ్ముడు దిగాడు. నేను చీర గోచీ పోసుకుని నిలబడ్డాను. మా ఆయన బాలానగర్ నుంచి తెచ్చిన ఇనుప నిచ్చెన ఆనించి పట్టుకున్నాడు. పడమటి గోడకు ఆయన చేసిన దన్ను అప్పటికే బిగించి ఉంది, ఏనుగు ఆనుకున్నా కదలదు. పెంకులు అందించడానికి అనంతపురం అమ్మాయి ఆఫీసు కార్డు తీసి గోడకు తగిలించి వచ్చింది.

"మా ఊర్లో అన్నీ మిద్దెలే ఆంటీ" అంది ఆ అమ్మాయి. "సందకాడ ఎక్కి పడుకుంటాం మేము. ఆడోళ్లు ఎక్కకూడదంటే మా ఊర్లో ఎవరికీ నిద్రే ఉండదు."

"మీ మిద్దెలు వేరమ్మా" అన్నాడు తమ్ముడు. "అక్కా, జర ఇను. ఇది మంచిది కాదు. ఆడోళ్లు ఇల్లెక్కుతరా?"

"తల పైకెత్తు" అన్నాను. ఎత్తాడు. రెండు పక్కలా అద్దాలు మెరుస్తున్నాయి. "గా అద్దాల వెనక కూసున్నోళ్లల్ల సగం మంది ఆడిపిల్లలే. రోజూ నీ నెత్తి మీదనే నడుస్తున్నరు. నీకేమన్న కీడైందా?"

వాడు కాసేపు ఆలోచించాడు. "ప్రమోషన్ ఆగింది" అన్నాడు.

నేను ఎక్కేశాను.

మొదటి అడుగు వేసేటప్పుడు కళ్లు మూసుకున్నాను. నేను సన్నటి మనిషిని కాను. మా ఆయనకంటే నా బరువే ఎక్కువని రేషన్ షాపు త్రాసు మీద ఒకసారి బయటపడింది. టక్కుమంటుందని పళ్లు బిగబట్టాను. అనలేదు. రెండో అడుగు వేశాను. అనలేదు. నా మామూలు నడకతో, తొందర లేకుండా, రెండు వాలులు కలిసే కొప్పు దాకా ఎక్కిపోయాను. కప్పు కిక్కురుమనలేదు.

"ఏందే, సప్పుడొస్తలేదు" అని కింద నుంచి మా ఆయన కేకేశాడు. "ఉన్నవా?"

"ఉన్న."

కొప్పు దగ్గర కూర్చుని, ఒక పట్టీ మేర పెంకులు ఎత్తి పక్కన పెట్టి లోపలికి చూశాను. వాసాల మీద అడ్డంగా లావు బద్దలు వరసగా ఉన్నాయి, బద్దకూ బద్దకూ మధ్య సన్నటి వెదురు చీలికలు. కాలు లావు బద్ద మీద పడితే పెంకు ఆగుతుంది. వెదురు మీద పడితే విరుగుతుంది. నా అడుగు ప్రతిసారీ బద్ద మీదే పడింది. ఎందుకో అనుమానం వచ్చి, ఒక బద్ద మీద మోచెయ్యి ఆనించి చెయ్యి చాపాను. నా నడిమి వేలు పక్క బద్దను తాకింది.

దర్వాజ ఒక్కటే అనుకున్నాను ఇన్నాళ్లూ. కప్పు కూడా తాతమ్మ మూరే. నా చెయ్యీ, నా అడుగూ ఆమె కొలతే. నాకు నవ్వు ఆగలేదు. ఎండకు తల తిరిగిందేమోనని ఆ అమ్మాయి నీళ్ల బాటిల్‌తో నిచ్చెన సగం దాకా ఎక్కి వచ్చింది.

కొప్పు మీద కూర్చునే కథంతా చెప్పాను. గడీ, బండి, గాజులు పైకి జరుపుకోవడం, అన్నీ. మా ఆయన నోరు తెరుచుకుని విన్నాడు. తమ్ముడు నడుము మీద చేతులు పెట్టుకున్నాడు.

"మళ్ల మొదలువెట్టింది. పిల్లలకేమో ఇల్లు భూమిల దిగుతున్నదంటివి. ఆ బ్రోకరుకేమో ఏనుగంటివి. ఇప్పుడు మూరంటున్నవ్. నీ కాలు అదృష్టం బాగుండి పెంకు పగల్లే, అంతే."

"ఎక్కి చూడరాదు మరి."

ఎక్కాడు. పట్టుదల మనిషి. నిచ్చెన మీంచి కప్పు మీద మొదటి అడుగు వేశాడు, టక్. రెండోది వేశాడు, టక్. మూడో అడుగుకు కాలెత్తి అలాగే ఆగిపోయాడు, కొంగలాగా.

"అన్నా, మీరు కదలొద్దు" అంది అమ్మాయి. "పెంకులు మిగలవు."

"నా అడుగుల అడుగు వెయ్యి" అన్నాను. వాడు చిన్న చిన్న అడుగులు వేస్తూ, కొత్త పెళ్లికూతురిలా, నేను తీసి ఉంచిన పట్టీ దగ్గరికి వచ్చాడు. వంగి బద్ద మీద మోచెయ్యి పెట్టాడు. వాడి వేళ్లన్నీ రెండో బద్ద దాటి అవతల వేలాడాయి. చెయ్యి తీసి నా చెయ్యి పట్టుకుని తనే ఆనించి చూశాడు. వేలి కొస వెళ్లి బద్దను తాకింది.

వాడు బద్ద మీద దుమ్ము చేత్తో తుడిచాడు.

"నాయిన ఏటా ఆ కుమ్మరోళ్లను తిడ్తుండె" అన్నాడు చివరికి.

"మన్నుల బూడిద కలిపిన్రని."

"అమ్మ గీ ఎత్తే ఉండె గదక్కా. నీ అంత."

"ఒక్కసారి ఎక్కనిస్తే అయిపోతుండె. ఎవ్వరు ఎక్కనియ్యలే."

"నాకెందుకు చెప్పలే నువ్వు?"

"చెప్తే నమ్ముతుంటివా?"

వాడు నిజాయితీపరుడు. "నమ్మకపోతుంటి" అన్నాడు.

ఆ రోజూ, ఆ తర్వాత పెంకులు అందించేవాళ్లకు సెలవు దొరికిన రోజులన్నీ కప్పు మీదే ఉన్నాను. పగిలిన పెంకుల చోట వేయడానికి పెరట్లో కుప్పలున్నాయి. ఈ వీధిలో ఏ ఇల్లు కూలినా నేను వెళ్లి దాని పెంకులు తెచ్చి పెరట్లో పేర్చుకునేదాన్ని. ఎందుకే ఈ చెత్త అని మా ఆయన అడిగితే, రాత్రిపూట ఇవి మాట్లాడుకుంటాయి అని చెప్పేదాన్ని. మంగలోళ్ల ఇంటి పెంకులు, పటేలోళ్ల కొట్టం పెంకులు, మసీదు వెనక సున్నం అమ్మే ముసలామె ఇంటివి, అన్నీ ఇప్పుడు మా కప్పు మీద ఒకదాని వీపు మీద ఒకటి పడుకున్నాయి. కూలింది అనుకున్న ఊరు ఇప్పుడు మా నెత్తి మీద ఉంది. పై అంతస్తుల వాళ్లు కిటికీలోంచి చూస్తే కనబడుతుంది.

తమ్ముడు విరగ్గొట్టిన రెండు పెంకుల చోటు మాత్రం నన్ను ముట్టుకోనివ్వలేదు. "నేను పగలగొట్టిన, నేనే పెడ్త. నాకు రాదా ఏంది" అని నిచ్చెన మీద నిలబడి తనే పెట్టాడు. నేను ఒకసారి చూస్తానంటే కోపగించుకున్నాడు. సర్లెమ్మని వదిలేశాను.

మిరుగు నాడు మధ్యాహ్నం మబ్బు పట్టింది. ఆ రోజు మేం ఇంగువ, బెల్లం కలిపి ఉండ చేసుకుని తింటాం. తమ్ముడికి ఒక ఉండ పెట్టాను. వాడి వెనకే బిల్డరు మనిషి కూడా వచ్చాడు, పందెం సంగతి ఎప్పుడో వాడే చెప్పి ఉన్నాడట. కాగితాలు తడవకుండా ప్లాస్టిక్ కవరులో పెట్టి తెచ్చుకున్నాడు. ఆయనకూ ఒక ఉండ పెట్టాను. నుదురు రుద్దుకుంటూ తిన్నాడు.

వాన మొదలైంది. మామూలు వాన కాదు. పక్క మేడల అద్దాల మీద పడ్డ నీళ్లు కూడా వచ్చి మా కప్పు మీదే పడుతున్నాయి. నడింట్లో చాప మీద ముగ్గురం కూర్చుని, మెడలు పైకెత్తి, దూలం కేసి చూస్తున్నాం. ఒక్క చోట కూడా తడి లేదు. గిన్నెలు వంటింట్లో బోర్లించినవి బోర్లించినట్టే ఉన్నాయి.

అప్పుడు తమ్ముడి నడినెత్తి మీద టప్‌మని ఒక చుక్క పడింది.

"పడిందండి" అన్నాడు బిల్డరు మనిషి. పాపం, ఆయన గొంతులో సంతోషం కంటే ఆశ్చర్యమే ఎక్కువ ఉంది. కవరు విప్పడం మొదలుపెట్టాడు.

నేను పైకి చూశాను. ఆ చోటు ఎవరు పెట్టిందో నాకు తెలుసు. తమ్ముడికీ తెలుసు. కానీ మాట మాటే. చుక్క ఎవరి పెంకులోంచి పడితే సంతకం పెట్టాలో మేం మాట్లాడుకోలేదు. ఈ గోడలు, ఈ అరుగు, ఆ బద్దలు, తాతమ్మ చాపిన చెయ్యి, అన్నీ ఆ ఒక్క చుక్కలోకి కుంచించుకుపోయాయి. నేను తమ్ముడి వైపు చూడలేదు. అడగడం నా వల్ల కాదు.

"ఏం పడ్డది సార్?" అన్నాడు తమ్ముడు.

"మీ తల మీదండి. చుక్క."

వాడు నెత్తి తుడుచుకుని చెయ్యి చూసుకున్నాడు. "ఇదా? ఇది చెమట."

"వానలో చెమటేంటండి?"

టప్‌మని ఇంకో చుక్క పడింది. వాడు చుక్క నేల మీద పడకుండా తల కొంచెం ఎడమకు జరిపి పట్టుకున్నాడు. పుట్టి బుద్ధెరిగి అబద్ధం ఆడని మనిషి. చిన్నప్పుడు నేను పగలగొట్టిన కుండను కూడా, అడగకముందే, అక్క పగలగొట్టిందని చెప్పినవాడు.

"మా వంశంల అంతే సార్" అన్నాడు. "మిరుగు నాడు ఈ ఇంటి మొగోళ్లకు నడినెత్తికి చెమటలు పోస్తయి. మా ముత్తాతకైతే ధారలు కట్టేటియట. ఒకసారి గడీకి పోతే దొర చూసి, బావి తవ్వుడెందుకు, వీణ్నే కూసోబెడ్దామన్నడట."

మొదటిసారి కదా, తొందరపడ్డాడు. ముత్తాతను అంత త్వరగా తేకూడదు, ముందు వాతావరణం గురించి కొంచెం మాట్లాడాలి. కానీ బావి నాకు నచ్చింది.

బిల్డరు మనిషి వాడిని చూశాడు, నన్ను చూశాడు, పొడిగా ఉన్న చాపను చూశాడు. టప్. వాడి తల తన పని తను చేస్తోంది. ఆయన కాగితాలు మళ్లీ కవరులో పెట్టుకున్నాడు.

"మీరిద్దరూ ఒక్క తల్లి పిల్లలేనండి" అన్నాడు.

"ఒక్క తాతమ్మ పిల్లలం" అన్నాడు తమ్ముడు. ఆయన లేస్తుంటే, తల కదపకుండానే, "జర వంగుండ్రి సార్, దర్వాజ కాడ" అన్నాడు. ఆయన వంగాడు. మొదటిసారి తగలకుండా బయటికి వెళ్లాడు.

వాన ఇంకా పడుతూనే ఉంది. నేను వాడికి ఇంకో బెల్లం ఉండ అందించాను. వాడు తల అలాగే పెట్టి, చేత్తో తడుముకుని నోట్లో వేసుకున్నాడు.

"అక్కా" అన్నాడు నములుతూ.

"చెప్పు."

"వాన తగ్గంగనే ఎక్కి ఆ రెండు పెంకులు నువ్వే పెట్టు. నా మెడ పట్టేసింది."